స్పామ్ ఈ-మెయిలు, గోప్యతా అమరికలు

స్పామ్ ఈ-మెయిలు లేదా చెత్త జాబు అనగా, అందుకొనేవారు కోరకుండానే ఒకేసారి వేలమందికి, లక్షలమందికి పంపబడే ఎలక్ట్రానిక్ జాబు. వ్యాపార ప్రకటనలు, బూటకపు లాటరీ బహుమతులు, లేని ఉద్యోగాలకు పిలుపులు, బ్యాంకుల పేరిట వచ్చే దొంగ జాబులు ఈ కోవలోకి వస్తాయి. ఇటువంటి వాటిని మిగిలిన జాబుల నుండి వేరుచేయడానికి ఈ-మెయిలు ప్రోగ్రాములు వేసే గుర్తును స్పామ్ గుర్తు లేదా స్పామ్ లేబులు అంటారు. గుర్తు పడిన జాబు ఇన్‌బాక్సులో కాక, స్పామ్ లేదా జంక్ అనే పేరుగల ప్రత్యేక ఫోల్డరులోకి చేరుతుంది.

ఈ గుర్తును మొదట వేసేది యంత్రమే అయినా, అది తప్పినపుడు సరిదిద్దవలసినది జాబులు అందుకొనే వ్యక్తి. చెత్త జాబుకు గుర్తు పడకపోతే మోసపోయే ప్రమాదం ఉంది. మంచి జాబుకు గుర్తు పడితే ఉపకార వేతనపు సమాచారమో, ఇంటర్వ్యూ పిలుపో చదవకుండానే పోయే ప్రమాదం ఉంది. అలాగే జాబు తెరచిన సంగతి, తెరచిన సమయం వంటివి పంపినవారికి తెలియకుండా కాపాడేవి గోప్యతా అమరికలు. స్పామ్ గుర్తు, గోప్యత అనే ఈ రెండు విషయాలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి.

పేరు, చరిత్ర

స్పామ్ అనేది అమెరికాలోని హార్మెల్ సంస్థ 1937లో విడుదల చేసిన డబ్బా మాంసం పేరు. బ్రిటిష్ హాస్య బృందం మాంటీ పైథాన్ 1970లో ప్రదర్శించిన ఒక హాస్య ఘట్టంలో, ఫలహారశాలలోని ప్రతి వంటకంలోనూ ఈ పదార్థమే ఉంటుంది. ఆ పేరునే పదేపదే పలుకుతూ ఇతరుల మాటలు వినబడకుండా చేస్తారు. అక్కరలేనిది పదేపదే వచ్చి, కావలసినదానిని ముంచివేయడం అనే అర్థంలో ఆ పేరు కంప్యూటరు వాడుకలోకి వచ్చింది.

మొట్టమొదటి స్పామ్ జాబుగా సాధారణంగా పేర్కొనబడేది 1978 మే 3న పంపబడినది. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ ఉద్యోగి గ్యారీ థర్క్ తమ సంస్థ కంప్యూటర్ల ప్రదర్శనకు ఆహ్వానిస్తూ, అంతర్జాలానికి పూర్వరూపమైన అర్పానెట్‌లోని సుమారు 400 మందికి ఒకే జాబు పంపాడు. 1994లో అమెరికాకు చెందిన ఇద్దరు న్యాయవాదులు, కాంటర్ మరియు సీగెల్, గ్రీన్ కార్డు లాటరీ గురించిన ప్రకటనను యూజ్‌నెట్ చర్చా సమూహాలన్నింటా గుప్పించడంతో ఈ సమస్య అందరి దృష్టికి వచ్చింది.

స్పామ్‌ను అడ్డుకొనే ప్రయత్నాలు కూడా దాని వెంటే పెరిగాయి. 1998లో మెహ్రాన్ సహామీ, సుసాన్ డ్యూమే, డేవిడ్ హెకర్‌మన్, ఎరిక్ హార్విట్జ్ సంభావ్యతా సిద్ధాంతం ఆధారంగా చెత్త జాబులను వేరుచేసే పద్ధతిని ప్రతిపాదించారు. స్పామ్‌అసాసిన్ అనే స్వేచ్ఛా సాఫ్టువేరు 2001లో వెలువడింది. 2002 ఆగస్టులో పాల్ గ్రాహం రాసిన వ్యాసంతో ఈ గణిత పద్ధతి విస్తృత ప్రచారం పొందింది.

ఆంధ్ర ప్రదేశ్‌లో నేపథ్యం

భారతదేశంలో సామాన్య ప్రజలకు అంతర్జాల సేవను విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న ప్రారంభించింది. 1996 జూలై 4న సబీర్ భాటియా, జాక్ స్మిత్ ప్రారంభించిన హాట్‌మెయిల్‌తో, సొంత కంప్యూటరు లేనివారు కూడా ఉచితంగా ఈ-మెయిలు చిరునామా పొందే వీలు కలిగింది. తెలుగు పట్టణాలలో ఆ తరువాతి పది పన్నెండేళ్ళపాటు చాలామంది తొలి జాబు పంపినది ఇంటర్నెట్ సెంటర్లలోని అద్దె కంప్యూటర్ల నుండే.

చిత్తూరు జిల్లాలో ఇందుకు ఒక విశేష ఉదాహరణ కలదు. హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి 2002లో కుప్పం ఐ-కమ్యూనిటీ అనే పథకాన్ని ప్రారంభించింది. పలమనేరుకు పొరుగునే ఉన్న ఆ ప్రాంతంలో సామాజిక సమాచార కేంద్రాలు ఏర్పాటై, గ్రామీణులు ఉమ్మడి కంప్యూటర్లపై అంతర్జాల సేవలు వాడుకున్నారు. ఇక ప్రభుత్వ సేవల విషయానికి వస్తే 2001లో ఈ-సేవ, 2011లో మీ-సేవ, 2019లో గ్రామ, వార్డు సచివాలయాలు వచ్చాయి.

దీని వలన ఈ ప్రాంతంలో రెండు అలవాట్లు ఏర్పడ్డాయి. ఒకటి, ఒకే కంప్యూటరును పలువురు వాడటం. రెండు, దరఖాస్తు నింపేటపుడు కేంద్రంలోని వ్యక్తి చేతనే ఈ-మెయిలు చిరునామాను సృష్టింపజేసుకోవడం. రెండవ సందర్భంలో సంకేతపదం దరఖాస్తుదారుకు తెలియకపోవచ్చు. జాబు వచ్చినా ఇన్‌బాక్సు చూసేవారు ఉండకపోవచ్చు. స్పామ్ అమరికల గురించి తెలుసుకొనే ముందు, చిరునామా, సంకేతపదం, తిరిగి పొందడానికి ఇచ్చిన ఫోను నంబరు తమవేనని నిర్ధారించుకోవడం మొదటి మెట్టు.

స్పామ్ గుర్తు పడే విధానం

ఒక జాబు ఇన్‌బాక్సుకు చేరేలోగా రెండు రకాల పరీక్షలకు గురి అవుతుంది.

మొదటిది పంపినవారి గుర్తింపు పరీక్ష. కాగితపు ఉత్తరం వెనుక ఎవరి పేరైనా రాయగలిగినట్లే, ఈ-మెయిలులోనూ పంపినవారి చిరునామాను ఇష్టం వచ్చినట్లు చూపవచ్చు. దీనిని అరికట్టడానికి మూడు ప్రమాణాలు వాడుకలో ఉన్నాయి.

• ఎస్‌పీఎఫ్: ఒక సంస్థ పేరుతో జాబులు పంపడానికి ఏ సర్వర్లకు అనుమతి ఉందో ఆ సంస్థే బహిరంగంగా ప్రకటిస్తుంది. ఇది 2006లో ప్రచురించబడింది.
• డీకిమ్: జాబుపై గణిత పద్ధతిలో డిజిటల్ సంతకం ఉంటుంది. దారిలో జాబును మార్చితే సంతకం చెల్లదు. ఇది 2007 నాటిది.
• డీమార్క్: పై రెండు పరీక్షలూ తప్పిన జాబును ఏమి చేయాలో సంస్థ ముందే చెప్పి ఉంచుతుంది. ఇది 2012లో ప్రకటించబడింది.

2024 ఫిబ్రవరి నుండి, జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000కు మించి జాబులు పంపేవారు ఈ ప్రమాణాలు పాటించాలని, ప్రచార జాబులలో ఒకే నొక్కుతో విరమించుకొనే సౌకర్యం ఇవ్వాలని గూగుల్ నియమం పెట్టింది. యాహూ కూడా ఇటువంటి నియమాలనే అమలు చేసింది.

ఈ పరీక్షలో నెగ్గిన జాబు మంచిదని అర్థం కాదు. పంపినవారు తాము చెప్పుకున్న చిరునామా నుండే పంపారని మాత్రమే అర్థం. మోసగాడు సొంతంగా ఒక చిరునామా కొనుక్కొని, సక్రమంగా సంతకం చేసి కూడా దొంగ జాబు పంపగలడు. అందుచేత రెండవదైన విషయ పరీక్ష అవసరమవుతుంది.

విషయ పరీక్షకు ఒక చిన్న లెక్క

విషయ పరీక్షలో ప్రసిద్ధమైనది బేయీజియన్ జల్లెడ. పద్ధెనిమిదవ శతాబ్దపు ఆంగ్ల గణితవేత్త థామస్ బేయీజ్ పేరుమీద ఉన్న సంభావ్యతా సూత్రమే దీనికి ఆధారం. వాడుకరి గుర్తు వేసిన పాత జాబులలో ఏ పదం ఎక్కడ ఎన్నిసార్లు వచ్చిందో ప్రోగ్రాము లెక్క పెట్టుకుంటుంది. ఆ లెక్క ఆధారంగా కొత్త జాబు గురించి తీర్పు చెబుతుంది.

పలమనేరు పరిసరాలలో మల్బరీ సాగు, పట్టుపురుగుల పెంపకం ఉన్నాయి. అటువంటి ఒక రైతు ఈ-మెయిలు పెట్టెను ఊహించుకుందాం. ఆయన 200 జాబులకు స్పామ్ గుర్తు, మరో 200 జాబులకు మంచి గుర్తు వేశారనుకుందాం. ఈ క్రింది అంకెలు విషయం అర్థం కావడానికి కల్పించుకున్నవి.

• "బహుమతి" అనే పదం స్పామ్ జాబులలో 40 చోట్ల, మంచి జాబులలో 2 చోట్ల ఉన్నది. అనగా స్పామ్ వైపు మొగ్గు 20 రెట్లు.
• "పట్టుగూళ్ళు" అనే పదం మంచి జాబులలో 30 చోట్ల, స్పామ్ జాబులలో 1 చోట ఉన్నది. అనగా మంచి వైపు మొగ్గు 30 రెట్లు.

"బహుమతి" అనే పదం మాత్రమే ఉన్న కొత్త జాబు స్పామ్ కావడానికి సంభావ్యత 20/21, అనగా సుమారు 0.95. అదే జాబులో "పట్టుగూళ్ళు" కూడా ఉంటే, రెండు పదాలకూ పరస్పర సంబంధం లేదని భావించినపుడు, సంభావ్యత 20/50, అనగా 0.40కి తగ్గుతుంది. 0.90 దాటితేనే గుర్తు వేయాలని హద్దు పెట్టుకుంటే, మొదటి జాబు స్పామ్ ఫోల్డరుకు, రెండవది ఇన్‌బాక్సుకు వెళతాయి.

ఈ లెక్క నుండి గ్రహించవలసినది ఒకటున్నది. మంచి జాబులకు మంచివి అని గుర్తు వేయకపోతే "పట్టుగూళ్ళు" అనే పదం ఆ రైతుకు ముఖ్యమని యంత్రానికి తెలియదు. చెత్తను మాత్రమే చూపి నేర్పిన జల్లెడ అన్నింటినీ చెత్తగానే చూడటం మొదలుపెడుతుంది. నేటి పెద్ద సంస్థల జల్లెడలు ఇంతకంటే ఎంతో సంక్లిష్టమైనవి. పంపినవారి పూర్వచరిత్ర, లక్షలాది వాడుకరులు వేసిన గుర్తులు కూడా పరిగణనలోకి తీసుకుంటాయి. అయినా వాడుకరి వేసే గుర్తు నుండి నేర్చుకోవడం అనే మూలసూత్రం మారలేదు.

తెలుగు జాబులు, జల్లెడ

జల్లెడల రూపకల్పన తొలుత ఆంగ్ల జాబులను దృష్టిలో పెట్టుకొని జరిగింది. తెలుగు జాబుల విషయంలో కొన్ని ప్రత్యేక చిక్కులు ఉన్నాయి.

• ప్రత్యయాలు: తెలుగులో నామవాచకానికి విభక్తి అతుక్కొని వస్తుంది. బహుమతి, బహుమతిని, బహుమతికి, బహుమతులు అనేవి పదాలు లెక్కించే యంత్రానికి నాలుగు వేర్వేరు పదాలు. కాబట్టి ఇటువంటి జల్లెడ తెలుగును నేర్చుకోవడానికి ఎక్కువ ఉదాహరణలు కావాలి.
• లిపి: తెలుగును ఆంగ్ల అక్షరాలలో రాసే అలవాటు విస్తృతంగా ఉంది. ఒకే మాటను ఒక్కొక్కరు ఒక్కో వర్ణక్రమంలో రాయడం వలన లెక్క మరింత చెదురుతుంది. యూనికోడ్ వాడుక స్థిరపడక మునుపు ఒక్కో ఖతికి ఒక్కో సంకేత పద్ధతి ఉండేది; ఆ ఖతి లేని కంప్యూటరులో జాబు అర్థం లేని గుర్తుల వరుసగా కనబడేది. నాగార్జున వెన్న రూపొందించిన పద్మ అనే ఉపకరణం అట్టి పాఠాన్ని యూనికోడ్‌కు మార్చేది. విండోస్ ఎక్స్‌పీతో పాటు 2001లో వచ్చిన గౌతమి ఖతి యూనికోడ్ తెలుగు వ్యాప్తికి తోడ్పడింది.
• భాషా అమరిక: స్పామ్‌అసాసిన్ వంటి జల్లెడలలో ఏయే భాషల జాబులు ఆమోదయోగ్యమో సర్వరు నిర్వాహకుడు నిర్ణయించవచ్చు. ఆంగ్లాన్ని మాత్రమే అనుమతించిన చోట, మరో భాషలోని మంచి జాబుకు కూడా స్పామ్ మార్కులు పెరుగుతాయి.

పలమనేరు మూడు రాష్ట్రాల సరిహద్దులకు చేరువలో, చెన్నై-బెంగళూరు మార్గంలో ఉన్నది. అక్కడి వ్యాపారికి తెలుగు, తమిళం, కన్నడం, ఉర్దూ, ఆంగ్లం మాట్లాడే వారందరితో వ్యవహారం ఉంటుంది. తనకు తెలియని లిపిలో ఉన్నంత మాత్రాన జాబుకు స్పామ్ గుర్తు వేస్తూ పోతే, ఆ లిపిలోని అక్షరాలన్నీ చెత్తకు సూచనలని జల్లెడ నేర్చుకొనే అవకాశం ఉంది. చదవలేని జాబును పక్కన పెట్టి, తెలిసినవారికి చూపి, ఆ తరువాతే గుర్తు వేయడం మంచిది.

వివిధ ప్రోగ్రాములలో స్పామ్ అమరికలు

జీమెయిల్

2004 ఏప్రిల్ 1న ప్రారంభమైన జీమెయిల్‌లో ఫోల్డర్లకు బదులు లేబుళ్ళు ఉంటాయి. స్పామ్ అనేది వాటిలో ఒకటి. ఈ లేబులు ఉన్న జాబు 30 రోజుల తరువాత దానంతట అదే శాశ్వతంగా తొలగించబడుతుంది. మంచి జాబు అందులో ఉంటే, దానిని తెరచి "నాట్ స్పామ్" మీట నొక్కితే ఇన్‌బాక్సుకు వస్తుంది. ఒక సంస్థ జాబులు ఎన్నడూ స్పామ్‌లోకి పోకూడదనుకుంటే, ఆ సంస్థ చిరునామాతో ఫిల్టరు సృష్టించి "నెవర్ సెండ్ ఇట్ టు స్పామ్" అనే గడిని ఎంచుకోవాలి. ఒక చిరునామాను బ్లాక్ చేస్తే, అక్కడి నుండి ఇకపై వచ్చే జాబులు స్పామ్‌లోకి వెళతాయి.

థండర్‌బర్డ్

మొజిల్లా వారి ఈ స్వేచ్ఛా సాఫ్టువేరు 1.0 ప్రచురణ 2004 డిసెంబరు 7న వెలువడింది. దీని జల్లెడ బేయీజియన్ తరహాది. లెక్కలన్నీ వాడుకరి కంప్యూటరులోనే ఉంటాయి. అకౌంట్ సెట్టింగ్స్‌లో, ప్రచురణను బట్టి జంక్ లేదా స్పామ్ అనే పేరుతో, ఈ క్రింది అమరికలు ఉంటాయి.

• నేర్చుకొనే జల్లెడను ఆ ఖాతాకు వాడాలా, వద్దా.
• చిరునామా పుస్తకంలో ఉన్నవారి జాబులకు గుర్తు వేయకుండా మినహాయింపు.
• గుర్తు పడిన జాబులను ఏ ఫోల్డరుకు తరలించాలి, ఎన్ని రోజుల తరువాత తొలగించాలి.
• సర్వరులోని స్పామ్‌అసాసిన్ వంటి జల్లెడ ఇచ్చిన తీర్పును నమ్మాలా, వద్దా.

గుర్తులు తప్పుగా వేయడం వలన జల్లెడ చెడిపోయిందనిపిస్తే, నేర్చుకున్నదంతా చెరిపి మొదటి నుండి నేర్పే మీట కూడా కలదు.

ఔట్‌లుక్

మైక్రోసాఫ్ట్ వారి క్లాసిక్ డెస్క్‌టాప్ ఔట్‌లుక్‌లో జంక్ ఈ-మెయిల్ ఆప్షన్స్ అనే పలకలో నాలుగు స్థాయులు ఉంటాయి: జల్లెడ లేకపోవడం, తక్కువ, ఎక్కువ, నమ్మినవారి జాబులు మాత్రమే. స్థాయి పెరిగే కొద్దీ ఇన్‌బాక్సుకు వచ్చే చెత్త తగ్గుతుంది గాని, మంచి జాబు పొరపాటున జంక్‌లో పడే అవకాశం పెరుగుతుంది. నాలుగవ స్థాయిలో కొత్తవారి జాబేదీ ఇన్‌బాక్సుకు రాదు. కనుక ఉద్యోగానికో, కళాశాల ప్రవేశానికో ఎదురుచూస్తున్నవారికి ఆ స్థాయి తగదు.

పాప్ పద్ధతి వాడేవారికి హెచ్చరిక

కంప్యూటరులోని ప్రోగ్రాము సర్వరు నుండి జాబులు తెచ్చుకొనే పద్ధతులు రెండు: పాప్, ఐమ్యాప్. పాప్ పద్ధతిలో ఇన్‌బాక్సు మాత్రమే దిగుతుంది. సర్వరులోని స్పామ్ ఫోల్డరు కనబడదు. ఈ పద్ధతి వాడేవారు అప్పుడప్పుడు బ్రౌజరు ద్వారా ఖాతాలోకి వెళ్ళి స్పామ్ ఫోల్డరును చూడకపోతే, అందులో చిక్కిన మంచి జాబు గడువు తీరి చెరిగిపోయినా తెలియదు.

ఐదు పనులు, ఐదు ఫలితాలు

అక్కరలేని జాబు కనబడినపుడు చేయగలిగిన పనులు ఐదు. వీటిని ఒకటిగా భావించడం వలననే చాలా పొరపాట్లు జరుగుతాయి.

• తొలగించడం: ఆ ఒక్క జాబు పోతుంది. జల్లెడ ఏమీ నేర్చుకోదు. స్నేహితుల పాత జాబులు, పని తీరిన జాబులకు ఇది చాలు.
• స్పామ్ గుర్తు వేయడం: జాబు తరలిపోవడంతో పాటు జల్లెడ నేర్చుకుంటుంది. పరిచయం లేనివారు పంపిన చెత్తకు ఇది సరైన పని.
• చందా విరమించడం: స్వయంగా చేరిన దుకాణం, పత్రిక, సంస్థ జాబులు ఇక వద్దనుకున్నపుడు చేయవలసినది. ముఖపరిచయం లేని చెత్త జాబులోని విరమణ లంకెను మాత్రం నొక్కరాదు. నొక్కితే ఆ చిరునామాను ఎవరో చదువుతున్నారని పంపినవారికి రుజువవుతుంది.
• బ్లాక్ చేయడం: ఒకే చిరునామా నుండి పదేపదే వేధించేవారికి ఉపయోగం. స్పామ్ పంపేవారు చిరునామాలు మారుస్తూ ఉంటారు కనుక చెత్తకు ఇది పెద్దగా పనిచేయదు.
• ఫిషింగ్‌గా ఫిర్యాదు చేయడం: సంకేతపదాలు, బ్యాంకు వివరాలు రాబట్టడానికి వచ్చిన దొంగ జాబును సేవాసంస్థకు తెలియజేయడం. దీని వలన అదే జాబు అందుకొన్న ఇతరులకూ రక్షణ కలుగుతుంది.

సొంతంగా చందా చేరిన సంస్థ జాబులకు విరమణకు బదులుగా స్పామ్ గుర్తు వేయడం ఒక సాధారణ దోషం. అలా చేసినవారు తరువాత అదే సంస్థ నుండి రసీదో, పరీక్షా ప్రవేశపత్రమో రావలసినపుడు అది స్పామ్‌లో పడే అవకాశాన్ని తామే కల్పించినవారు అవుతారు. దరఖాస్తు చేసిన తరువాత వారానికి కనీసం రెండు సార్లు స్పామ్ ఫోల్డరును చూడటం విద్యార్థులకు మేలు.

గోప్యతా అమరికలు

దూరపు చిత్రాలు

జాబులోని బొమ్మలు కొన్నిసార్లు జాబుతో పాటు రావు. తెరచినపుడు పంపినవారి సర్వరు నుండి దిగుతాయి. ఒక్క చుక్కంత పరిమాణంలో, కంటికి కనబడని బొమ్మను పెట్టి, అది దిగగానే జాబు ఏ చిరునామాలో, ఎప్పుడు తెరవబడిందో నమోదు చేసే పద్ధతి కలదు. థండర్‌బర్డ్ ఇటువంటి దూరపు విషయాన్ని అడగకుండా దించదు. నమ్మిన జాబుకు మాత్రమే అనుమతి ఇవ్వవచ్చు. జీమెయిల్ 2013 డిసెంబరు నుండి బొమ్మలను తన సర్వర్ల ద్వారానే చూపుతోంది. దీని వలన వాడుకరి అంతర్జాల చిరునామా దాగుతుంది గాని, జాబు తెరచిన సంగతి తెలిసే అవకాశం పూర్తిగా పోదు. సెట్టింగ్స్‌లో బయటి బొమ్మలు చూపే ముందు అడగాలనే ఎంపిక చేసుకుంటే మరింత రక్షణ కలుగుతుంది. యాపిల్ సంస్థ 2021లో తన మెయిలు ప్రోగ్రాములో ఇటువంటి గూఢచర్యాన్ని అడ్డుకొనే అమరికను ప్రవేశపెట్టింది.

చదివినట్లు రసీదు

జాబు చదివినట్లు పంపినవారికి తెలియజేసే రసీదును కొన్ని ప్రోగ్రాములు కోరతాయి. దీనిని ఎప్పుడూ పంపరాదనో, ప్రతిసారి తనను అడగాలనో వాడుకరి నిర్ణయించుకోవచ్చు.

ఇతరుల చిరునామాల గోప్యత

పలువురికి ఒకే జాబు పంపేటపుడు చిరునామాలన్నీ "టు" గడిలో పెడితే, అందుకొన్న ప్రతివారికి మిగిలినవారి చిరునామాలు తెలుస్తాయి. "బీసీసీ" గడిలో పెడితే తెలియవు. "పది మందికి పంపితే శుభం కలుగుతుంది" అనే గొలుసు జాబులు చేతులు మారే కొద్దీ వందల చిరునామాలను మోసుకుపోతాయి. అవి చివరకు స్పామ్ పంపేవారి చేతికి చిక్కవచ్చు. పూర్వ విద్యార్థుల సంఘాలు, పాఠశాల కమిటీలు ఈ విషయంలో జాగ్రత్త వహించాలి.

ఖాతా భద్రత

• రెండంచెల ధ్రువీకరణ: సంకేతపదంతో పాటు ఫోనుకు వచ్చే సంకేతం లేదా ఆమోదం కూడా ఉంటేనే ఖాతా తెరుచుకుంటుంది.
• దారి మళ్ళింపు: ఖాతాలోకి దొంగతనంగా చొరబడినవారు జాబుల నకళ్ళు తమకు చేరేలా ఫార్వర్డింగ్ అమరిక పెట్టి పోవచ్చు. సంకేతపదం మార్చినా ఈ అమరిక అలాగే ఉంటుంది. కనుక ఫార్వర్డింగ్, ఫిల్టర్ల పుటలను విడిగా పరిశీలించాలి.
• ప్రైమరీ పాస్‌వర్డు: థండర్‌బర్డ్‌లో దాచిన సంకేతపదాలను ఇంట్లోని ఇతరులు చూడకుండా దీనితో తాళం వేయవచ్చు.

ఉమ్మడి కంప్యూటర్లు

సేవా కేంద్రాలు, గ్రంథాలయాలు, కళాశాల ప్రయోగశాలల్లోని కంప్యూటర్లలో బ్రౌజరు యొక్క ప్రైవేటు కిటికీని వాడటం, సంకేతపదాన్ని దాచమంటారా అని అడిగినపుడు వద్దనడం, పని ముగియగానే ఖాతా నుండి బయటకు రావడం తప్పనిసరి. కిటికీని మూసివేయడం, ఖాతా నుండి బయటకు రావడం ఒకటి కావు. మరచిపోయినట్లు తరువాత గుర్తుకు వస్తే, సొంత ఫోను నుండి ఖాతా భద్రతా పుటకు వెళ్ళి, ఇతర పరికరాలలో తెరచి ఉన్న ఖాతాను మూయవచ్చు.

దొంగ చిరునామాను గుర్తించడం

అంతర్జాల చిరునామాను తెలుగు వాక్యంలా ఎడమ నుండి కుడికి చదివి మొదటి మాటను బట్టి నమ్మడం వలన మోసం జరుగుతుంది. యజమాని ఎవరో తెలిపేది చిరునామాలో మొదటి ఒంటి ఏటవాలు గీతకు ముందున్న చివరి భాగం. తిరుమల తిరుపతి దేవస్థానముల అధికారిక జాలస్థలి టీటీదేవస్థానమ్స్ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్. ఇందులో చివరనున్న "ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్" అనేది రాష్ట్ర ప్రభుత్వానికి చెందినదని చెబుతుంది. దేవస్థానం పేరు మొదట ఉండి, చివర మరేదో ఉంటే అది దేవస్థానానిది కాదు. దర్శనం టికెట్లు, గదుల పేరిట భక్తులను మోసగించే నకిలీ జాలస్థలుల గురించి దేవస్థానం పలుమార్లు హెచ్చరించింది.

బ్యాంకుల విషయంలో భారతీయ రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిల్‌లో ఒక ఆదేశం జారీచేసింది. దాని ప్రకారం బ్యాంకులు తమ జాలస్థలులను 2025 అక్టోబరు 31 లోగా "బ్యాంక్ డాట్ ఇన్" అనే ముగింపు గల చిరునామాలకు మార్చవలసి ఉండింది. ఈ ముగింపు బ్యాంకులకు మాత్రమే కేటాయించబడింది. ఆదాయపు పన్ను శాఖ కూడా ఈ-మెయిలు ద్వారా పిన్ నంబర్లు, సంకేతపదాలు అడగదని ప్రకటించింది.

అక్షరాల పోలికతో చేసే మోసం మరొకటి. తెలుగు, కన్నడ లిపులలో కొన్ని అక్షరాలు చూపుకు ఒకటిగా ఉన్నా కంప్యూటరుకు వేరైనట్లే, లాటిన్, సిరిలిక్ లిపులలోనూ ఒకేలా కనబడే అక్షరాలు ఉన్నాయి. కనుక ముఖ్యమైన జాలస్థలికి జాబులోని లంకె ద్వారా కాక, చిరునామాను స్వయంగా టైపు చేసి వెళ్ళడం క్షేమకరం.

చట్టం

అమెరికాలో క్యాన్-స్పామ్ చట్టం 2003లో చేయబడి, 2004 జనవరి 1 నుండి అమలైంది. భారతదేశంలో స్పామ్ ఈ-మెయిలు కొరకు ప్రత్యేక చట్టం లేదు. ఫోను ప్రకటనలను ఆపే డీఎన్‌డీ నమోదు ఫోను పిలుపులకు, సంక్షిప్త సందేశాలకే గాని ఈ-మెయిలుకు వర్తించదు.

సమాచార సాంకేతిక చట్టం, 2000కు 2008లో చేసిన సవరణతో 66ఏ సెక్షను వచ్చింది. చికాకు పెట్టే ఉద్దేశంతోగాని, పంపినదెవరో తప్పుదారి పట్టించేలాగాని ఈ-మెయిలు పంపడం అందులోని ఒక ఖండం ప్రకారం నేరం. అయితే ఆ సెక్షను భావ ప్రకటనా స్వేచ్ఛకు భంగకరమని శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు 2015 మార్చి 24న దానిని మొత్తంగా కొట్టివేసింది. మోసపూరిత జాబులకు అదే చట్టంలోని 66సి (ఇతరుల సంకేతపదం, గుర్తింపు వాడుకోవడం), 66డి (మారువేషంతో మోసగించడం) సెక్షన్లు వర్తిస్తాయి. ఈ రెండింటికీ మూడేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు.

గోప్యత ప్రాథమిక హక్కు అని పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. దాని తరువాత డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023లో వచ్చింది. ఈ-మెయిలు చిరునామా వంటి వ్యక్తిగత వివరాలను సేకరించే సంస్థలు ఎందుకు సేకరిస్తున్నాయో తెలిపి సమ్మతి పొందడం, ఆ సమ్మతిని వెనుకకు తీసుకొనే వీలు కల్పించడం ఈ చట్టంలోని ముఖ్యాంశాలు. దీని నియమావళి 2025 నవంబరులో ప్రకటించబడింది. అందులోని నిబంధనలు దశలవారీగా అమలులోకి వచ్చేలా ఏర్పాటు చేశారు.

మోసపోయినపుడు చేయవలసినవి

దొంగ జాబులోని లంకె నొక్కి వివరాలు ఇచ్చినట్లు తెలిసిన వెంటనే ఈ క్రింది క్రమంలో వ్యవహరించాలి.

• డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయక 1930 అనే జాతీయ సహాయ నంబరుకు ఫోను చేయాలి. డబ్బు మరో ఖాతాకు మారకముందే ఆపడానికి తొలి గంటలు కీలకం. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ జాలస్థలిలోనూ ఫిర్యాదు చేయవచ్చు.
• బ్యాంకుకు తెలిపి కార్డు, ఖాతా లావాదేవీలను నిలిపివేయించాలి.
• ఈ-మెయిలు సంకేతపదాన్ని వేరొక నమ్మకమైన పరికరం నుండి మార్చాలి. అదే సంకేతపదాన్ని మరెక్కడైనా వాడుతుంటే అక్కడా మార్చాలి.
• ఫార్వర్డింగ్, ఫిల్టర్లు, తిరిగి పొందే ఫోను నంబరు ఎవరైనా మార్చారేమో చూడాలి.
• దొంగ జాబును తొలగించకుండా ఉంచాలి. అది ఏ సర్వర్ల గుండా వచ్చిందో తెలిపే వివరాలు దాని శీర్షభాగంలో ఉంటాయి. పోలీసు దర్యాప్తుకు అవి ఆధారం. స్పామ్ ఫోల్డరులో వదిలివేస్తే గడువు తీరి చెరిగిపోతుంది కనుక దానిని వేరొక ఫోల్డరుకు మార్చి, నకలు భద్రపరచాలి.